పక్కోని వడ్లు

మా అన్న కొడుకు సాయిరాం పరీక్షకు పొయ్యేనాడు ఇస్త్రీ అంగీ తొడిగి సెంటు కొట్టుకున్నడు. చూసినోళ్లు వీడు పెండ్లికి పోతున్నడనుకోవాలె.

పెండ్లి ముచ్చట నడుస్తనే ఉండె. లగ్గమై ఆరేండ్లయినా కోడలు అఖిల కడుపు పండలేదని మా వదినె హన్మవ్వ కొడుక్కు నందిపేట్‌ల ఇంకో పిల్లను చూసిపెట్టింది. అఖిల ఏడ్వలె, కొట్లాడలె. ఒక్కటే మాటన్నది.

"నా పరీక్షలన్నీ మంచిగనే వచ్చినయ్. ఇప్పుడు ఆయనది చేయించుండ్రి. అది గూడ మంచిగొస్తే ఇడుపు కాగితం మీద సంతకం పెట్టి నేనే పోత."

మా వర్ని దిక్కు మొగోళ్లు పెండ్లాన్ని దవాఖానల పొంటి తిప్పుతరు గని తాము ఒక్కసారి పొమ్మంటే మీసం కొరిగినట్టు చేస్తరు. వీడు మాత్రం "పోదాం పా" అని ఎగిరిండు. నాకు జర విచిత్రమే అనిపించింది.

డాక్టర్ ఉదయలక్ష్మి బోధన్ కాలువ కింద ఇల్లు కట్టుకున్న ఆంధ్రోళ్ల బిడ్డ. పొలాలకు పురుగుమందు కొట్టే మొగోళ్ల వీర్యం ఏమైతున్నదని నిజామాబాద్‌ల పరిశోధన చేస్తున్నది. అందుకని పరీక్ష పైసల్లేకుండ ఉత్తగనే. ఉత్తగ కాకుంటే మా వదినె బస్సెక్కకపోవు.

ఇంటి పెద్దనని నన్ను గూడ తోల్కపోయిండ్రు. సాయిరాం దోస్తు లింబాద్రి పిలవకుండనే వచ్చిండు. ముగ్గురు పిల్లల తండ్రి. వచ్చుడు వచ్చుడే బాత్‌రూం ఎటని అడిగిండు, శానసేపటికి గని రాలె. తర్వాత నర్సు చూపిచ్చిన గదిలకు సాయిరాం వీర్యానికిచ్చిన డబ్బ పట్టుకొని పోయిండు, ముఖం కడుక్కున్నంత సేపట్ల బయటకొచ్చిండు. ఇద్దరూ మూల కూసొని పల్లీలు తినుకుంట నవ్వుకున్నరు.

కొంత సేపైనంక డాక్టరమ్మ పిలిచింది. "భార్యాభర్తలు రండి చాలు."

"మా అవ్వ గూడ ఇనాలె," అన్నడు సాయిరాం తల్లిని చూపెట్టి, నా దిక్కు తిరిగి. "చిన్నబాపు, నువ్వు గూడ రా. రేపు ఎవ్వలూ మాట మార్చొద్దు."

మంచిది. వాని నోటితోనే సాక్షులను పిలుచుకున్నడు.

డాక్టరమ్మ అఖిల దిక్కు చూసి అన్నది. "ఇందులో వీర్యకణం ఒక్కటి కూడా లేదు."

మా వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"మిగతా అంతా బాగానే ఉంది, కణాలే లేవు. మామూలుగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి ఇలా ఉంటుంది. సాయిరాం గారూ, మీకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఏమైనా అయిందా?"

సాయిరాం ముఖం ఎర్రగైంది. తలుపు తీసి, వరండాల ఉన్నోళ్లందరికి ఇనబడేటట్టు ఒర్రిండు.

"అరె లింబాద్రిగా! ఆపరేషన్ ఎప్పుడు చేయించుకున్నవ్ రా?"

లింబాద్రి పల్లీలు కిందేసి ఉరికొచ్చిండు. "మెల్లగనరాదు రా! మా అవ్వకు తెల్వది. మా ఇంటామెకు రక్తం తక్కువున్నదన్నరు, నేనే చేయించుకున్న."

"మరి నాకెందుకిచ్చినవ్?"

"ఇయ్యనంటే ఎందుకియ్యవని అడుగుదువు. నీకు చెప్తే ఊరంత చెప్దువు."

పెండ్లాం కోసం చేసిన ఒక్క మంచి పని, దొంగతనం లెక్క దాచుకున్నడు. మా ఊర్ల మొగతనం గట్లుంటది.

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అంటే ఇది మీది కాదా?"

"మేడం, అండ్ల తప్పేమున్నది?" అన్నడు సాయిరాం. "కొనుగోలు సెంటర్ల తేమ చూసెటప్పుడు మనయి పచ్చిగుంటె పక్కోని ఎండిన వడ్లు పెడ్తలేమా? లింబాద్రికి ముగ్గురు పిల్లలు, వానిది మంచి మాలనుకున్న."

డాక్టరమ్మకు నవ్వు రాలె. "మీ మండలం నుంచి ఇంకెంతమంది ఇలా ఇచ్చారో నాకెలా తెలియాలి? ఆ డబ్బాలన్నీ పక్కన పెట్టాల్సిందే. ఇన్నాళ్ళ నా పని వృథా." ఇంకో డబ్బ తీసి వాని ముందట పెట్టింది. "అదిగో గది. ఈసారి నర్సు తలుపు దగ్గరే ఉంటుంది."

వాడు అవ్వ ముఖం చూసిండు.

"నా కొడుక్కు గిసొంటియి అవసరం లేదు," అన్నది మా వదినె.

"పో," అన్నది అఖిల. "మంచిగొస్తే నా మాట మీదనే ఉంట."

"ఇప్పుడు నాతోని కాదు. మనసు మంచిగ లేదు," అన్నడు సాయిరాం.

"ఇడుపు కాగితం రాయించెటప్పుడు మంచిగనే ఉండె గదా?"

వాడు డబ్బను ముట్టలె. తేలు లెక్క చూస్తున్నడు. పంపు వీపున కట్టుకొని ముక్కుకు గుడ్డ గూడ లేకుండ పొద్దంత మందు కొట్టెటోడు, ఖాళీ డబ్బకు భయపడ్డడు.

మా వదినెకు నంబర్లు కలుపుడు రాదు, ఎప్పుడూ కోడలే కలిపిస్తది. అఖిల ఆమె చేతులకెళ్లి ఫోన్ తీసుకొని నందిపేట్ పిల్ల తండ్రి ఆత్మారాంకు కలిపింది.

"మామా, రేపు పిల్లను చూడనీకి ఎవ్వలూ వస్తలేరు. గంతగనం పిల్లను ఇయ్యాలని ఉంటే ముందుగాల పిల్లగాన్ని పరీక్ష చేయించుండ్రి. డాక్టరమ్మ ముందట, ఆయన సొంతంగ ఇచ్చినదానికే." అటు దిక్కు ఆయన ఎవ్వలని అడిగినట్టున్నడు. "నేనా? ఆయన పెండ్లాన్ని. ఆ ఇంట్లనే ఉన్న, ఉంట."

"ఎంత ధైర్యమే నీకు!" అని మా వదినె లేచింది.

"కూసో వదినె," అన్న. ఆ దినం నేను నోరు తెరిచింది గప్పుడే.

అఖిల ఫోన్ మళ్ల కూసున్న అత్త ఒళ్లె పెట్టింది. డాక్టరమ్మకు దండం పెట్టి మెట్లు దిగింది. నేను ఎనుకనే దిగిన. లింబాద్రి తల కిందికేసుకొని వచ్చిండు. జర సేపైనంక మా వదినె గూడ మోకాళ్లు పట్టుకుంట దిగింది.

సాయిరాం ఆ డబ్బ ముందటనే కూసున్నడు. వర్ని బస్సొచ్చింది. వాని కోసం ఎవ్వలం ఆగలె.