గౌరమ్మకు పెట్టిన ఎర్ర లైటు

మాడుకు జబ్బు చేసి గౌరమ్మ నడినెత్తిన జుట్టంతా రాలిపోయింది. భర్త చిన్నప్ప పట్టుబట్టి జయనగర్‌లోని చర్మం ఆస్పత్రిలో ఎర్ర లేజర్ లైటు వైద్యం మొదలుపెట్టించాడు. నెలలు గడిచినా ఒక్క వెంట్రుకా మొలవలేదు. ఆ రోజు డాక్టరమ్మ భూతద్దంతో మాడు చూసి మెల్లగా చెప్పింది.

"కుదుళ్లు బతికుంటేనే ఈ లైటు పనిచేస్తుందమ్మా. మీకు అవి చచ్చిపోయి మచ్చ కట్టేసింది. ఇంక వచ్చినా లాభం లేదు."

"ఈ పొద్దు ఒక్కసారి పెట్టండమ్మా. ఆయన బయట కూర్చోనుండాడు. ఇప్పుడే పోతే తెలిసిపోతాది."

డాక్టరమ్మ కాదనలేకపోయింది. ఆ లైటు కింద గౌరమ్మ కళ్లు మూసుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది.

ఆమె బయటికి రాగానే చిన్నప్ప లేచాడు. "ఏమనిరి?"

"ఇంకా కొన్నాళ్లు పడతాదంట."

"పట్టనీలే," అన్నాడతను నమ్మకంగా. ఆ నమ్మకం చూసి ఆమె కొంగు నెత్తిమీదికి లాక్కుని అతని ముందు నడిచింది.