వేడి చేసే తిండి

కొవ్వు వేగుతోంది, గొర్రెతోక కొవ్వే, ఆ వాసన ముక్కులోంచి దిగి తిన్నగా పొట్టలోకే పోయి కూర్చుంటుంది, అక్కడ ఇప్పటికే కూర్చున్నవి చాలనట్టు, నిన్నటి గుర్రపు మాంసం, మొన్నటి గొర్రె పులుసు, వాటికి అడుగున తెల్ల నాన్, ఒక్కటీ లేచి వెళ్లలేదు, పెళ్లయి వారమైనా కదలని చుట్టాల్లాగా, అనుకుంది ముహయ్యో, పక్కకి ఒత్తిగిలి పడుకునే, వెల్లకిలా పడుకుంటే కోసినచోట మంట, బోర్లా పడుకుంటే పొట్టలోని గాలి గొంతు దాకా వస్తుంది, కూర్చోవడం సంగతి ఎత్తకపోవడమే మంచిది, ఇన్నేళ్లూ మగ్గం ముందు కూర్చుని మార్గిలాన్ ఊళ్లో ఆడవాళ్లందరికీ పట్టు నేసింది, ఇప్పుడు మెత్తటి పరుపు మీద కూర్చోమంటే కూడా దణ్ణం పెడుతోంది, ఆస్పత్రిలోంచి పంపించేస్తూ డాక్టరమ్మ ఎంత చక్కగా చెప్పింది, బీట్‌రూట్ ఉడికించి తిను అక్కా, ఎండు ఆల్‌బుఖరా నానబెట్టి తిను, కేఫిర్ మజ్జిగ తాగు, నీళ్లు తాగు, కొవ్వూ తెల్ల నానూ ముట్టకు, గట్టిపడి ముక్కావంటే పుండు పగులుతుంది, మళ్లీ ఇదే మంచం మీద నువ్వు, ఇదే కత్తి పట్టుకుని నేను, అర్థమైందా అని, అర్థం కాకేం, ఎవరికి అర్థం కావాలో వాళ్లే ఆ గదిలో లేరు.

అత్తగారు రిసోలత్ అయితే ఇంటికొచ్చాక ఆ మాటలు విని పియాలాలో టీ తిప్పుతూ, ఆ డాక్టరు పిల్లకి పెళ్లయిందా, అని అడిగింది, లేదన్నాక, అదీ సంగతి అంది, అంతటితో వైద్యశాస్త్రం మూసేశారు, ఒంట్లో నెత్తురు పోతే ఒళ్లు చల్లబడుతుంది, చల్లబడిన ఒంటికి వేడి పెట్టాలి, గొర్రె, గుర్రం, అక్రోట్లు, కలకండ వేసిన టీ, కేఫిర్ చలవ, బీట్‌రూట్ చలవ, ఆల్‌బుఖరా చలవలకే చలవ, అవి పెట్టి నా కోడల్ని నా చేత్తో చంపుకోమంటావా, అని కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది, నిజం కళ్లనీళ్లే, అదే వచ్చిన చిక్కు, దొంగ ఏడుపైతే ముహయ్యో ఎప్పుడో గెలిచేది, ఇక ఆయనగారు, తుర్సునాలి, పెళ్లాన్ని ఆస్పత్రిలో చేర్పించి బయటికొచ్చి మొహల్లా అంతటికీ పిత్తాశయంలో రాయి అని చెప్పాడు, ఆ చోటి పేరు మర్యాదస్తుల ఇంట్లో పలకరు కనక, మొలలు అంటే కోడలి పరువే కాదు, కోడలు కూర్చున్న పరుపు పరువు కూడా పోతుంది, పిత్తాశయం దర్జాగా ఉంటుంది, దానికి పరామర్శకి రావచ్చు, పళ్లెం నిండా మాంసం కూరిన సొమ్సాలు తేవచ్చు.

వచ్చారు కూడా, పక్కింటి అక్క, షరాఫత్ ఒపా, ముందు, ఆమె వెనక వీధిలోని ఆడవాళ్లు, లేచి కూర్చోక తప్పలేదు, ముహయ్యో ఒక తొడ మీద ఒరిగి, రెండో దాన్ని గాల్లో ఉంచి, మహారాణిలా ఒక పక్కగా కూర్చుంది, ఏదీ రాయి, చూపించవే, అంది షరాఫత్ ఒపా ముసుగు సర్దుకోకముందే, మా తోడికోడలు తన రాళ్లు సీసాలో పోసి టీవీ పక్కన పెట్టుకుంది, వచ్చినవాళ్లకల్లా ఊపి వినిపిస్తుంది, నీదేదీ, అత్తగారు రెప్పవెయ్యకుండా, డాక్టర్లే ఉంచేసుకున్నారు ఒపా, చదువుకునే పిల్లలకి చూపించాలట, అంది, అబ్బో, అంత పెద్దదా, నేరేడంత ఉందన్నారు, నేరేడేమిటమ్మా, అని గుమ్మంలోంచి తుర్సునాలి, అక్రోటంత ఉంది, నేను చూశాగా, ఇంకో ఇద్దరొస్తే నా రాయి ఖర్బూజా అవుతుంది, అనుకుంది ముహయ్యో, నవ్వొస్తే నవ్వలేదు, నవ్వినా లాగుతుంది అక్కడ, అవునుగానీ, అని షరాఫత్ ఒపా ఏదో జ్ఞాపకం తెచ్చుకున్నట్టు, మా తోడికోడలికి కొవ్వు వద్దన్నారు, ఏడాదిపాటు ఉడికినవే తినమన్నారు, అంది, ముహయ్యో ప్రాణం లేచొచ్చింది, దేవుడు షరాఫత్ ఒపాని నూరేళ్లు చల్లగా, కాదు, ఈ ఇంట్లో చల్లగా అనకూడదు, వెచ్చగా చూడాలి, అనుకుంటూ ఉండగానే అత్తగారు, అందుకే కదమ్మా మీ తోడికోడలు పొయ్యిలో కట్టెలా అయింది, గాలొస్తే పట్టుకోడానికి ఇద్దరు కావాలి, అంది, పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ అందరూ నవ్వారు, షరాఫత్ ఒపా అందరికంటే గట్టిగా నవ్వింది, తోడికోడలంటే ఆమెకీ పడదు.

పలావు పళ్లెం వచ్చింది, బియ్యం మీద మాంసం, మాంసం మీద కొవ్వు, మెరుస్తూ, రిసోలత్ చేతులు కడుక్కుని మూడు వేళ్లతో అన్నం దగ్గరికి లాగి, మాంసంముక్క పెట్టి, కొవ్వుముక్క పెట్టి, అరచేతిలో అదిమి ముద్ద చేసి ముహయ్యో నోటి దగ్గరికి తెచ్చింది, పెద్దవాళ్లు చేత్తో పెట్టే ముద్ద, పెళ్లికొడుకైనా కాదనడు, మొహం తిప్పితే ముద్దకి కాదు ఇంటికే మొహం తిప్పినట్టు, మింగింది, అది దిగుతూ దిగుతూ లోపలున్న చుట్టాలందరినీ పలకరించుకుంటూ పోయింది, పొట్ట గుర్రున శబ్దం చేసింది, చూశారా, ఆకలి, అంది అత్తగారు, రెండో ముద్ద తెచ్చింది, ఈసారి పెదవులు వాటంతటవే బిగుసుకున్నాయి, పియాలాల చప్పుడు ఆగింది, అత్తగారి చెయ్యి గాల్లో, కొవ్వు మణికట్టు దాకా కారుతోంది, నా చెయ్యి చేదా కోడలు రాణీ, అంది, నవ్వు మొహంలో ఉంది, కళ్లలో లేదు, అందరి ముందూ చెప్పెయ్యనా, ఓయిజాన్, అమ్మా, నాకు తీసింది రాయి కాదు, ఈ ముద్ద ఎక్కణ్ణుంచి బయటికి రావాలో అక్కడే కోశారు, అది రానంటోంది, వస్తుందంటే నాకు ప్రాణం పోతోంది, అని, మాట నాలిక చివరికొచ్చింది, గుమ్మం వైపు చూసింది, తుర్సునాలి తన మేజోళ్లని చదువుతున్నట్టు చూసుకుంటున్నాడు, నోరు తెరిచింది, మాట బయటికి రాలేదు, ముద్ద లోపలికి పోయింది, భేష్, అన్నారు ఆడవాళ్లు.

వాళ్లు వెళ్లాక గోడ పట్టుకుని పెరటి చివరి పాయిఖానా దాకా వెళ్లింది, గొంతుక్కూర్చుని తడక పట్టుకుని కాసేపు తన ఒంటితోనే బేరమాడింది, గాలి తప్ప ఏమీ ఇవ్వలేదు ఒళ్లు, ముక్కడానికి భయం, ముక్కకపోతే రేపు ఇంకా గట్టిపడుతుందని భయం, చెమటలు పట్టి తిరిగొచ్చి పరుపు మీద వాలి, తుర్సునాలిని పిలిచింది, వినండి, అమ్మ చూడకుండా నాకు కాస్త బీట్‌రూట్ ఉడకపెట్టి ఇవ్వండి, మీకు ఆపరేషనైనప్పుడు చేశానే, అలాగే, అంది, ఎందుకంటే ఆయనగారికీ అదే, అదే చోట, అప్పుడు మొహల్లాకి చెప్పింది నడుం పట్టిందని, నాకా, అన్నాడు తుర్సునాలి, నేనెప్పుడు తిన్నాను బీట్‌రూట్, ఎర్ర సలాడ్ పెట్టలేదూ రోజూ, ఓ అదా, అది సలాడ్ కదా, కేఫిర్, అది దాహానికి కదా, ఆల్‌బుఖరా నానేసిన నీళ్లు, షర్బత్ అనుకున్నా, అన్నాడు, ఎంత హాయిగా అన్నాడు, నాకసలు ఏ ఇబ్బందీ రాలేదులే, వారం తిరక్కుండా లేచి తిరిగా, మా వంశంలో పేగులు గట్టివి, మీ ఆడవాళ్లే సుకుమారం, అవునూ, బీట్‌రూట్ మనింట్లో ఎక్కడ ఉంటుంది.

కోపం ఎవరిమీద పడదామా అని గది చుట్టూ తిరిగి ఎవరూ దొరక్క తన దగ్గరికే వచ్చింది, ఎందుకంటే అబద్ధమాడటం లేదు ఆయన, నిజంగానే తెలీదు, అత్తగారికీ తెలీదు, ఆవిడ ఇప్పటికీ కొడుకుని గొర్రెమాంసమే లేపి నిలబెట్టిందనుకుంటుంది, పళ్లెం ఖాళీగా తిరిగొచ్చేది కదా మరి, ఆ మాంసమంతా, ఆ కొవ్వంతా వంటింట్లో నిలబడి ముహయ్యోయే తినేసేది, అత్తగారి మనసు నొచ్చుకోకుండా, మొగుడి పేగు కదిలేలా, అవన్నీ ఎక్కడికి పోయాయో డాక్టరమ్మ చూసే ఉంటుంది, బీట్‌రూట్ తురిమి వెల్లుల్లి వేసి వైద్యంలా కనబడకుండా చేసింది, కేఫిర్‌ని టీ పియాలాలో పోసి పంపింది, ఎవరికీ చప్పుడు వినబడకుండా ఆయన ఒళ్లు బాగైంది, అంత బాగా దాచిపెట్టి చేసిన పని ఇంకొకరికి ఎలా తెలుస్తుంది, ఎవరు నేర్చుకుంటారు, గుమ్మంలో ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, ఉడకపెట్టాలంటే తొక్క తీసేనా, తియ్యకుండానా, అని అడుగుతున్నాడు, పాపం, మంచివాడే, పొట్టలో మెలి తిరిగింది, కొంచెం ఆగి సర్దుకుంది, ఆ సర్దుకున్న కాస్త నిమ్మళంలో ముహయ్యోకి తేటగా కనబడింది, ఈ ఇంట్లో ఎవరు పడకెక్కినా చూసుకోడానికి ముహయ్యో ఉంది, ఒక్క ముహయ్యోకి మాత్రం లేదు.