అన్నం ముద్ద కథ చెప్పిన చిడతలు

నేను ఒక చిడతల జతను. పనసచెక్క ఒళ్లు, ఇత్తడి బిళ్లలు, వేళ్లు దూర్చుకోవడానికి రెండు ఉంగరాలు. రెండు చెక్కలైనా మోగేది ఒక్కటిగానే కనుక ‘నేను’ అనే చెప్పుకుంటాను. ఆ సాయంత్రం మాణిక్యాంబగారింట్లో గొడవ నా మీదే మొదలైంది.

“కిటికీ రెక్కకు అడ్డం పెట్టిన చిడతలు ఎవరు తీశారే? మధ్యాహ్నమంతా రెక్క టపటపా కొట్టుకుని, కన్ను మూతపడితే ఒట్టు!”

“నేనే తీశానత్తయ్యగారూ, బళ్లో పాఠం కోసం. కిటికీకి పాత చెప్పుముక్క అడ్డం పెడతాలెండి,” అంది కోడలు హైమ.

“నా తల దగ్గర చెప్పుముక్కా? పెట్టు తల్లీ, పెట్టు!”

హైమ భర్త భాస్కరం పేపరు మడిచి కిటికీ సందులో కుక్కాడు. అది అరనిమిషం ఆగింది. గొడవ అరగంటైనా ఆగలేదు.

నాకు మనుషుల మీద అనుమానం ఊరికే రాలేదు. నన్ను చెక్కించుకున్నది ఒక హరిదాసు. కథకు ముందు నన్ను కళ్లకద్దుకునేవాడు. కళ్లు మూసుకుని పాడుతూనే, ముందు వరసలోకి ఎవరెవరు వచ్చారో రెప్పల సందులోంచి చూసుకునేవాడు. ఊరి ప్రెసిడెంటు ఆలస్యంగా వస్తే పాపం కథలోని రుక్మిణి మళ్లీ మొదట్నుంచీ ఏడవాల్సిందే. ఆ తరవాత మాణిక్యాంబగారి భర్త చేతికొచ్చాను. ఆయనా శనివారం భజనలో నన్ను కళ్లకద్దుకునేవారు. మనసు మాత్రం గుగ్గిళ్ల గిన్నె మీద. ఆయన పోయాక పదకొండేళ్లు కిటికీ రెక్కకు అడ్డంగా ఉన్నాను. అక్కడ హాయిగానే ఉండేది. కిటికీ రెక్క దేనికీ భక్తి నటించదు.

అందుకే హైమ నాకు కొబ్బరినూనె రాసి, తుడిచి, కళ్లకద్దుకోగానే ‘మళ్లీనా’ అనుకున్నాను.

హైమ టీచరు ట్రైనింగులో ఉంది. కాలవగట్టు బళ్లో ఏడో తరగతికి పాఠాలు చెప్పి నేర్చుకోవాలి. చివర్లో బయటి నుంచి పరీక్షాధికారి వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడు. ఆయన ముందు ఒక పాఠం చెప్పి పాసవ్వాలి. నిరుడు ఆ రోజున గొంతెండిపోయి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. ఈసారీ తప్పితే పుస్తకాలు అటకెక్కించి ఇంటిపట్టున ఉండాలన్నది అత్తగారి షరతు. హైమ సరేనంది. భయం వినపడకుండా చప్పుడు కావాలి, అందుకే నేను గుర్తొచ్చాను అని నా లెక్క.

మర్నాడు పాఠం జీర్ణవ్యవస్థ. హైమ కొంగు బిగించి, నన్ను మోగిస్తూ, అన్నం ముద్ద యాత్రను హరికథలా అందుకుంది. పిల్లలే పళ్లు, పిల్లలే అన్నవాహిక, పిల్లలే పేగులు. ఒళ్లంతా తెల్ల దుప్పటి చుట్టుకున్న ఒకడు ముద్ద. వాణ్ణి మెలికలు తిప్పుతూ వరండా దాకా తోసుకెళ్లారు. ఆ రోజు నా బిళ్లలు ఎంత మోగాయో నాకే తెలియలేదు. అయినా నమ్మలేదు. చప్పుడు చేయమంటే ఏ పిల్లలు వద్దంటారు?

ఆ తరగతి అసలు టీచరు నాగరత్నంగారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, “ఇది బడా అమ్మాయ్, జాతర పందిరా?” అన్నారు. తరవాత దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు. “బానే ఉందిలే. పెద్దాయన వచ్చినప్పుడు కూడా ఇదే చెప్పు. ఈలోగా ఇంకో నాలుగుసార్లు ఇదే పాఠం చెప్పి బట్టీ పట్టించెయ్. ప్రశ్న అడిగితే అందరూ చెయ్యెత్తాలి. తెలిసినవాళ్లు కుడి చెయ్యి, తెలియనివాళ్లు ఎడమ చెయ్యి. నువ్వు కుడి చేతుల్నే లేపు. మా ట్రైనింగు నాటి నుంచీ ఇదే పద్ధతి, ఒక్కరూ తప్పలేదు.”

హైమ నవ్వి తలూపింది. కాదనలేదు. నా అనుమానం గట్టిపడింది.

రెండోసారి బాగానే ఉంది. మూడోసారికి ముద్దను తోసేవాళ్లు ఆవలించారు. నాలుగోసారి, హాస్యం ఇంకా రాకముందే నవ్వేశారు. నవ్వాలని తెలుసు కదా. ఎడమ చేతులు కూడా అందంగా లేచాయి. చూడటానికి తరగతి అంతా పండితులే.

పరీక్షకు ముందు రోజు అయిదోసారి. కడుపు వేషం వేసిన చంద్రకళ అనే పిల్ల తన మాటలు అప్పజెప్పి, ఉన్నట్టుండి ఆగింది.

“టీచర్, మరి వాంతి వచ్చినప్పుడు కడుపేం మాట్లాడాలి? ముద్ద వెనక్కొచ్చేస్తది కదా. చిడతలు కూడా తిరగేసి కొడతారా?”

తరగతి గొల్లుమంది. హైమ ముఖం వెలిగింది. నోరు తెరిచేలోపు నాగరత్నంగారు అందుకున్నారు.

“దీని నోటికి తాళం లేదమ్మా! రేపు పెద్దాయన ముందు ఇలాగే అడిగి నీ కొంప ముంచుద్ది. ఏయ్ చంద్రకళా, రేపు నువ్వు బడికి రాకు. కడుపు వేషం ఇంకెవరికైనా ఇద్దాం.”

ఆ పిల్ల వేషం కోసం కట్టుకున్న ఎర్ర తువ్వాలు విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టింది. ఏడవలేదు. తన ప్రశ్నలో తప్పేమిటో తెలియనట్టు హైమ వైపు చూసింది. హైమ తలొంచుకుంది. నా ఉంగరాల్లో ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. చూశారా, ఈవిడకూ ముందు వరసే ముఖ్యం అనుకున్నాను.

రాత్రి భోజనాలకు కూర్చున్నారు. నేను బల్ల పక్కనే కుర్చీకి తగిలించిన సంచీలో ఉన్నాను. మాణిక్యాంబగారు కోడలికి ఇంకో గరిటె పప్పు వేసి, “రేపు బెదరకు. నోటికొచ్చిన పాఠమేగా,” అన్నారు. పాస్ కావాలని ఆవిడకూ ఉందన్నమాట.

“ఆ పాఠం చెప్పనండి. రేపు నా పాఠం వాంతితో మొదలవుతుంది.”

“ఛీ, అన్నం దగ్గర అవేం మాటలే!” అత్తగారి చేతిలో గరిటె గాల్లోనే ఆగింది.

భాస్కరానికి పొలమారింది. “అదేంటి హైమా, రేపే కదా పరీక్ష!”

“అవును. మింగిన ముద్ద వెనక్కెందుకొస్తుందో విప్పి చెబితే, ముందుకెలా పోతుందో పిల్లలకి వాళ్లంతట వాళ్లకే తెలుస్తుంది. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. చంద్రకళకి తట్టింది. దాన్ని రేపు రావద్దంటుంటే నేను నోరెత్తలేదు. అన్నం తినగానే వాళ్లింటికెళ్లి రమ్మని చెప్పొస్తాను. మీరూ తోడు రండి.”

ఇదీ ముందు వరస కోసం అన్న మాటేనా అని చెవులు రిక్కించాను. ఆ బల్ల దగ్గర మెచ్చుకునేవాళ్లెవరూ లేరు. హైమ గొంతు వణుకుతోంది. ఆ వణుకును కప్పడానికి ఆమె నన్ను వెతుక్కోలేదు.

“ఆ నాగరత్నం ఊరుకుంటుందా? నిరుడులా గొంతెండిపోతే? ఈసారీ తప్పితే?” అన్నారు మాణిక్యాంబగారు.

“తప్పితే పుస్తకాలు మీరన్నట్టే అటకెక్కించండి. నిచ్చెన నేనే పట్టుకుంటాను. చంద్రకళ మాత్రం రేపు మొదటి బెంచీలో ఉంటుందత్తయ్యగారూ. కుడి చెయ్యెత్తినా సరే, ఎడమ చెయ్యెత్తినా సరే, ముందు దాన్నే లేపుతాను.”