సగంలో దిగిపొమ్మన్నారు

తడి దుప్పటి దండెం మీద వేస్తుంటే కాలేజీ నుంచి మా విభాగం మేడమ్ ఫోన్ చేశారు. మా ఆయన పొద్దున వచ్చి, నన్ను డిగ్రీతోనే పంపించేయమని అడిగి వెళ్ళారట. "నీకు తెలిసే వచ్చారనుకున్నానమ్మా. తెలీదా?" అన్నారామె. తెలుసన్నాను. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో! ఆయన పరువు కాపాడడం నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది.

పెళ్ళితో ఆగిన చదువును పాప బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మళ్ళీ అందుకున్నాను. విడివిడిగా చదివితే అన్నేళ్ళు ఇంట్లో ఓర్చుకోరని, డిగ్రీ, పీజీ కలిపి ఒక ఏడాది ముందే ముగిసే కెమిస్ట్రీ కోర్సులో చేరాను. సెలవులుండవు. డిగ్రీ పూర్తికాకుండానే పీజీ పాఠాలు మీద పడతాయి. కావాలంటే సగంలో, డిగ్రీ పట్టా తీసుకుని దిగిపోవచ్చు. స్నేహితులొస్తే ఆయన, "మా ఆవిడ రెండు డిగ్రీలూ ఒకేసారి లాగించేస్తోంది" అని మురిసిపోయేవారు. ఆ మురిపెం నిజమైనదే. మాట పూర్తికాకముందే, ఒళ్ళో పుస్తకంతో కూర్చున్న నావైపు తిరిగి కాఫీ అడగడమూ నిజమే.

కిందటి నెల అత్తయ్య బాత్రూంలో జారిపడ్డారు. తుంటి దగ్గర కాలు విరిగింది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, మందులివ్వడం, అన్నీ నావంతుకే వచ్చాయి. నన్ను చదువు మానమని ఎవరూ అనలేదు. అందరూ నావైపు చూశారంతే.

సాయంత్రం ఆయన బూట్లు విప్పుతుండగా, కాలేజీకి ఎందుకు వెళ్ళారని అడిగాను. తల ఎత్తలేదు.

"నీ మంచికే వెళ్ళాను. ఎంతని పడతావు? ఒక డిగ్రీ చేతికొస్తోంది కదా. రెండోది తర్వాత చూద్దాంలే."

ఆ 'తర్వాత' నాకు పాత పరిచయమే. పెళ్ళి కుదిరినప్పుడు మా నాన్న అదే అన్నారు. పాప పుట్టినప్పుడు ఈయనా అదే అన్నారు.

"మీ మేనేజరు దగ్గరికి నేను వెళ్ళి, అత్తయ్యకి బాలేదు, ఈయన్ని ఉద్యోగం మాన్పించండి అని అడిగితే?"

"అదీ ఇదీ ఒకటేనా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అర్థంకానట్టు.

లోపలి గదిలోంచి అత్తయ్య ఆయన్ని పిలిచారు. నా చదువును ఏనాడూ మెచ్చుకున్న మనిషి కాదు. పుస్తకం పట్టుకున్న ఆడది ఇల్లేం చక్కబెడుతుందని మా అమ్మతోనే అన్నారొకసారి.

"విరిగింది నా కాలురా. దాన్ని తీసుకెళ్ళి అమ్మాయి చదువుకి అడ్డం పెట్టకు."

"మరి పగలు నీ దగ్గర ఎవరుంటారమ్మా?"

"నువ్వు నా కొడుకువి కాదా?"

నాకు ల్యాబు ఉన్న రోజుల్లో ఆయన సెలవు పెట్టాలని, మిగతా రోజులు నేను చూసుకుంటానని చెప్పాను. అడగలేదు, చెప్పాను.

మర్నాడు మేడమ్‌ని కలిసి, సగంలో దిగడం లేదన్నాను. ముందురోజు ఆడిన అబద్ధం కూడా ఒప్పుకున్నాను. సెలవు పెట్టి ఇంట్లో ఉన్న ఆయన మధ్యాహ్నం ఫోన్ చేసి, అమ్మకి ఇప్పుడు వేయాల్సిన మాత్రలేవని అడిగారు.

"అత్తయ్యనే అడగండి. ఆవిడకి కాలే విరిగింది, అన్నీ గుర్తున్నాయి."

సాయంత్రం నేను కాలేజీ గేటు దాటేసరికి బస్సు కదులుతోంది. అందరూ పరిగెత్తారు. నేను నెమ్మదిగా నడిచి వెళ్ళి, తర్వాతి బస్సెక్కాను.