రెండు వందల నలభై దాటిన గురువారం

లండన్ శివార్లలోని రామ్‌ఫర్డ్ స్టేషను వెనకున్న లాండ్రీలో నోరీన్ టాప్లీ మెషిన్లు చూసేది, నేను ఇస్త్రీ చేసేదాన్ని. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. మూడేళ్లుగా ఫోన్లో స్ప్రెడ్ బెట్టింగ్ చేస్తోంది. అందులో షేరు కొనడమంటూ ఉండదు. ధర పెరుగుతుందనో తగ్గుతుందనో పందెం కట్టడమే.

ఆ గురువారం పొద్దున్నుంచీ ఆమె కాలు ఒక్కచోట నిలవలేదు. ఓడలకు రంగులు తయారుచేసే ఒక కంపెనీ షేరు పెరుగుతుందని, ధర ఒక్కో పెన్నీ కదిలితే నాలుగు పౌండ్లు వచ్చేలా, లేదా పోయేలా పందెం కట్టింది. ఆ షేరు అప్పటికి మూడుసార్లు రెండు వందల నలభై పెన్నీల దాకా వచ్చి వెనక్కి పోయింది. పదకొండింటికి ఆ హద్దు దాటింది. నోరీన్ ఒకే మెషిన్లో సబ్బుపొడి రెండుసార్లు పోసింది. పొంగిన నురగ తుడుస్తూ కూడా ఫోనే చూస్తోంది.

"వాల్యూమ్ చూడు, ఎన్ని షేర్లు అమ్ముడవుతున్నాయో," అని ఫోను నా మొహం ముందు పెట్టింది. ధర గీత కింద కడ్డీలు నిటారుగా లేచి ఉన్నాయి. "ఉత్తినే పెరగలేదే. జనం ఎగబడి కొంటున్నారు. పందెం రెట్టింపు చేస్తా."

అప్పుడే విల్ఫ్ హాడో దుప్పట్ల సంచీతో లోపలికొచ్చాడు. డెబ్బై దాటినవాడు. ఒకప్పుడు లండన్లో షేర్ల దళారీ దగ్గర గుమాస్తాగా చేశాడు.

"ఎవరి కడ్డీలు తల్లీ ఇవి?" అన్నాడు తొంగిచూసి.

"ఎవరివేంటి పెద్దాయనా, షేరువి."

"కాదు, నీ పందేల కంపెనీవి. వాళ్ల తెర మీద ధర ఎన్నిసార్లు కదిలిందో అది చూపిస్తున్నారు. ఎన్ని షేర్లు చేతులు మారాయో స్టాక్ ఎక్స్చేంజి లెక్కలో చూడాలి."

"మూడేళ్ల నుంచి చూస్తున్నా. నాకు చెప్పొచ్చావా?"

"నేనేం చెప్పట్లా. నా దుప్పట్లు వేడినీళ్లలో వెయ్యి."

ఉక్రోషంతోనే ఎక్స్చేంజి లెక్క తీసింది. మామూలుగా ఆ వేళకి రెండు లక్షల షేర్లు చేతులు మారేవి. ఆ రోజు పందొమ్మిది వేలు.

ఆమె పందెం రెట్టింపు చేయలేదు, వదులుకోనూ లేదు. తలుపు దాకా నడిచింది, మెషిన్ల దాకా నడిచింది. ధర రెండు వందల నలభై ఆరుకి చేరింది.

"చూశావా?" అంది విల్ఫ్‌తో. ఆ గొంతులో ధీమా లేదు.

"నలుగురు కొన్నా పెరుగుతుంది," అన్నాడతను. "ఆ నలుగురూ టీకి పోతే?"

ఒంటిగంటకి, రెండు వందల నలభై నాలుగు దగ్గర, పందెం ముగించేసింది. పావుగంటలో ధర మళ్లీ ఎగబాకింది. దుప్పట్లు మడతపెట్టుకుంటున్న విల్ఫ్‌కి వీపు తిప్పి ఆమె మెషిన్లు ఖాళీ చేయసాగింది. అతను వెళ్లిపోయాక గంట గంటకీ దిగి, సాయంత్రం మార్కెట్ మూసేసరికి ధర రెండు వందల ముప్పై ఒకటికి వచ్చింది.

తర్వాతి మంగళవారం అదే షేరు మళ్లీ హద్దు దాటింది. ఈసారి ఎక్స్చేంజి లెక్కలో ఆరు లక్షలు. నోరీన్ ఆ అంకెను నాలుగుసార్లు చూసింది. ధైర్యం కూడదీసుకునేలోపు ధర అందకుండా పోయింది.

"బాధగా ఉందా?" అడిగాను.

"ఇవాళ్టిది పోతే పోనీలే," అంది గోళ్లు కొరుకుతూ. "మూడేళ్లు ఆ కడ్డీలు చూసి, నాతోపాటు అంతమంది ఉన్నారనుకున్నానే."