మంగతాయారు పెరటి జాలీ

నేను ఒక ఇనుప జాలీని. తీగలు పాకడానికి పెరట్లో నిలబెడతారే, ఆ రకం. ఎత్తు మనిషి కంటే ఒక మూర ఎక్కువ, వెడల్పు ఆరడుగులు. నా గళ్ళలోంచి చెయ్యి దూరుతుంది, తల దూరదు. పేరులో జాలి వినిపిస్తుంది గాని, చూడటం, వినటం తప్ప ఎవరికీ ఏమీ చెయ్యలేని వస్తువుని.

నా ఊచలు ఒకప్పుడు మండపేటలో ఒక రైసుమిల్లు కిటికీలవి. ఆ మిల్లు బాయిలరు దగ్గర సుబ్బారాయుడు ఇరవయ్యేళ్ళు పనిచేశాడు. మిల్లు మూతబడి, కూలగొట్టే రోజున యజమాని “నీకేం కావాలో పట్టుకెళ్ళు” అంటే, ఆ కిటికీ ఊచలు అడిగాడు. మనుషులు చిత్రమైనవాళ్ళు. ఏ కిటికీలోంచి బయటికి చూస్తూ ఎప్పుడు విడుదలా అని ఇరవయ్యేళ్ళు అనుకున్నాడో, ఆ కిటికీనే రిక్షా మీద ఇంటికి తెచ్చుకున్నాడు.

వెల్డింగు కొండబాబు ఆ ఊచల్ని కొలతకి కోసి, నిలువుగా అడ్డంగా పేర్చి, నిప్పురవ్వల మధ్య అతికాడు. తుప్పు పట్టకుండా ఎర్రరంగు, దాని మీద ఆకుపచ్చ రంగు వేశాడు. “తీగ అల్లుకున్నాక నీ రంగు ఎవడు చూత్తాడే” అని నన్ను చూసి నవ్వుతూనే రెండో పూత కూడా వేశాడు.

నన్ను చేయించడానికి కారణం ఒక గోడ. సుబ్బారాయుడి పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య ఉన్న పాత గోడ ఆ ఏడు తుఫానుకి ఆరడుగుల మేర కూలిపోయింది. సుబ్బారాయుడి భార్య మంగతాయారు ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మాట కరుకు, చెయ్యి నేర్పు. వెంటనే గోడ కట్టించెయ్యమని మొగుణ్ణి తొందర పెట్టింది. పక్కింట్లో అద్దెకుంటున్న కృపామణి ఆ కూలిన గోడ అవతల నిలబడి అంది:

“గోడెందుకు వదినా? మళ్ళీ వానొత్తే మళ్ళీ పడుద్ది. జాలీ ఒకటి నిలబెట్టి తీగలు పాకిద్దాం. కంటికి బాగుంటాది, గాలీ ఆడుద్ది.”

“తీగలకి నీళ్ళెవరు పోత్తారు?”

“మీరు పోద్దురుగాని. నేను చెబుతా ఉంటాను.”

మంగతాయారు నవ్వు ఆపుకోలేకపోయింది. అలా ఆ సందులో నేను నిలబడ్డాను.

కృపామణి కడియం నర్సరీల్లో అంట్లు కట్టే ఇంట పుట్టిన మనిషి. మొగుడు దేవదానం పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. పిల్లల్లేరు. ఆవిడ పుట్టింటి నుంచి ఒక సన్నజాజి అంటు, ఒక రాధామనోహరం పిలక తెచ్చింది. నేల మంగతాయారు వైపే మెత్తగా ఉందని రెండూ అటే నాటించింది. మొదలు నాకు జానెడు దూరంలో ఉండాలంది, ఇనుము వేసవిలో కాలితే లేత కాడ మాడిపోతుందని. తీగని బిగించి కట్టకూడదంది. జాకెట్లు కుట్టగా మిగిలిన గుడ్డపీలికలతో వదులుగా ముడివెయ్యడం నేర్పింది. చివర నిటారుగా ఎగబాకిపోతుంటే వంచి అడ్డంగా కట్టించింది. “పైకే పోనిత్తే నెత్తి మీదే పూత్తాది వదినా. పక్కకి వంచితే కణుపు కణుపుకీ చిగురేత్తాది.” ఎదిగిన తీగల కింద కాళ్ళు బోసిగా కనబడతాయని అడుగున శంఖుపూల గింజలు చల్లించింది.

మూడో ఏటికి నా రంగు నిజంగానే ఎవరికీ కనబడలేదు. ఉదయం నీలంగా శంఖుపూలు, సాయంత్రం తెల్లగా జాజులు, తెల్లగా విచ్చి మర్నాటికి గులాబీగా, ఆ మర్నాటికి ఎర్రగా మారే రాధామనోహరం గుత్తులు. జాకెట్లు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలు మరిచిపోయి పెరట్లో నిలబడిపోయేవారు. ఒక్కటే తగువు. ఎండ తూర్పు నుంచి వచ్చేది కాబట్టి పువ్వంతా కృపామణి వైపు విరగబూసేది.

“నీళ్ళు నావి, పూలు నీవీనా?” అనేది మంగతాయారు.

కృపామణి వాళ్ళ చర్చి సంఘంలో ఆడవాళ్ళు పూలు పెట్టుకోరు. పొద్దువాలేవేళకి మొగ్గలన్నీ కోసి, దండ కట్టి, నా గళ్ళలోంచి ఇవతలికి అందించేది. అందుకునేది సుభాషిణి. మంగతాయారు ఒక్కగానొక్క కూతురు.

సుభాషిణి ఇంటర్మీడియెట్ రెండో ఏడు చదువుతోంది. నా పక్కన స్టూలు వేసుకుని చదువుకునేది. అర్థం కాని పాఠం ఉంటే పెన్ను చివర నా ఊచల మీద టకటకా కొట్టేది. అమ్మ దగ్గర భయం, కృపామణి దగ్గర చనువు. తల్లికి చెప్పలేనివన్నీ నా గళ్ళలోంచి “అత్తా, అత్తా” అంటూ అవతలికి చెప్పేది.

మాఘమాసంలో ఒక ఉదయం ఆ పిల్ల మెడ చుట్టూ ఓణీ కప్పుకుని వచ్చింది.

“అత్తా, ఇక్కడ ఏదో గట్టిగా తగులుతోంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడతాంది.”

కృపామణి గళ్ళలోంచి చెయ్యి చాపి మెడ పక్కన తడిమింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోవడం నేను చూశాను.

“ఎన్నాళ్ళబట్టే?”

“పదిహేను రోజులు. అమ్మకి చెప్పకు అత్తా. పరీక్షలు మానిపించేసి మంచం మీద కూచోబెట్టేత్తాది. ఒక్క నెల. పరీక్షలయ్యాక నేనే చెప్పేత్తాను. నా మీద ఒట్టు.”

“అలాటి ఒట్లు నాకెయ్యకు” అంది కృపామణి. అయినా ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మెత్తబడింది. మనుషులు ప్రేమ ఎక్కువైన చోట ధైర్యం తక్కువ చేసుకుంటారు.

పది రోజులు ఓర్చుకుంది. పదకొండో రోజు మధ్యాహ్నం నా దగ్గరికొచ్చి పిలిచింది. “వదినా, ఒక్క మాట చెప్పాలి. ఇటు రండి.”

లోపల పెళ్ళివారు కూర్చునున్నారు. పద్దెనిమిది జాకెట్లు, మర్నాడే ముహూర్తం. మిషను ఆపకుండానే మంగతాయారు కేకేసింది. “రేపు చెబుదూ లేవే! చెయ్యి ఖాళీ లేదిక్కడ.”

కృపామణి మళ్ళీ పిలవబోయి, పిలవకుండా వెనక్కి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం సుభాషిణి మళ్ళీ బతిమాలింది. ఆ రేపు రాలేదు.

పరీక్షలయ్యాక కాకినాడలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరు, మెడ చూసి, కాగితాలు చూసి, “ముందే తీసుకురావలసిందమ్మా” అన్నాడట. తరవాత నాలుగు నెలలు ఆ ఇంట్లో మిషను చప్పుడు వినబడలేదు. మంగతాయారు ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడల్లా నా మొక్కలకి చెంబుతో నీళ్ళు పోసేది గాని వాటి వంక చూసేది కాదు. శ్రావణమాసంలో, జాజులు ఎన్నడూ లేనంతగా పూసిన రోజుల్లో, సుభాషిణి చచ్చిపోయింది. పద్దెనిమిదేళ్ళు నిండలేదు.

మూడోనాడు కృపామణి ఇటు వచ్చి మంగతాయారు కాళ్ళ దగ్గర కూలబడింది. దాచుకోలేకపోయింది.

“నాకు ముందే చెప్పింది వదినా. మాఘంలోనే చెప్పింది. పరీక్షలయ్యాక చెబుతానంటే ఊరుకున్నాను. నన్ను క్షమించండి.”

మంగతాయారు కాళ్ళు వెనక్కి లాక్కుంది. తరవాత లేచి లోపలికెళ్ళి బట్టలు కోసే పెద్ద కత్తెర తెచ్చింది.

“నీకు తెలుసా? తెలిసీ నా పిల్ల చేతికి రోజూ పూలదండలిచ్చావా?” అంటూ నా కాళ్ళ దగ్గర వంగి, జాజి మొదలు పట్టుకుని కత్తెర వేసింది. అయిదేళ్ళ కాడ, ఒక పట్టాన తెగలేదు. రెండు చేతులతో నొక్కి, ఏడుస్తూ, తిడుతూ, కోసింది. తరవాత రాధామనోహరం. “కన్నదానివైతే తెలిసేది. నీకేం తెలుత్తాది?”

ఆ మాటకి సుబ్బారాయుడు గబగబా వచ్చి పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడు. కృపామణి తలొంచుకుని వెళ్ళిపోయింది.

నాకూ తెలుసు. మాఘంలో ఆ పిల్ల చెప్పిందీ తెలుసు, పదకొండో రోజు మధ్యాహ్నం కృపామణి పిలిచిందీ తెలుసు. ఇనుముకి నోరుంటే ఆ పూట తెరిచేదాన్నేమో. లేదా నేనూ పరీక్షలయ్యేదాకా ఆగేదాన్నేమో.

కోసిన తీగకి తను చచ్చిన సంగతి వెంటనే తెలియదు. ఆ సాయంత్రం కూడా మొగ్గలు విచ్చాయి. నాలుగో రోజుకి ఆకులు వేలాడాయి. పదిహేను రోజులకి నా నిండా ఎండుపుల్లలు. మంగతాయారు తాపీవాణ్ణి పిలిపించి, నన్ను పీకనివ్వకుండా, నా వెనకాలే ఇటుకలతో గోడ కట్టించింది. అవతలి పెరడు నేను చూడటం అదే ఆఖరు.

రెండేళ్ళు అలా గడిచాయి. రెండిళ్ళ మధ్య మాటల్లేవు. గోడ అవతల బావి దగ్గర చప్పుడైతే చాలు, మంగతాయారు తలుపేసుకునేది. సుబ్బారాయుడు మాత్రం వీధిలో దేవదానం ఎదురైతే తలాడించేవాడు.

దేవదానానికి తుని దగ్గరికి బదిలీ అయింది. సామానంతా లారీకెక్కించాక, గోడ అవతల అడుగుల చప్పుడు వినిపించింది.

“వదినా... వెళ్ళొత్తానండి.”

మంగతాయారు ఇవతల నా పక్కనే ఉంది. ఒక చెయ్యి నా ఊచ మీద, రెండో చెయ్యి నోటి మీద. అవతలి మనిషి చాలాసేపే ఆగింది. “ఆరోగ్యం చూసుకోండి” అంది. లారీ కదిలింది.

అప్పుడు మంగతాయారు నేల మీద కూర్చుండిపోయింది. సుబ్బారాయుడు కంగారుగా వచ్చాడు.

“ఆవిడ నాకు చెప్పబోయిందయ్యా” అంది. “పెళ్ళివారి జాకెట్లు కుడుతున్న రోజున వచ్చి పిలిచింది. రేపు చెప్పమన్నాను. మర్నాడు నేనడగలేదు.”

“ఎప్పుడు గుర్తొచ్చింది నీకు?”

“మర్చిపోతేగా.”

“మరి ఇన్నాళ్ళూ ఆ ఇల్లాలిని...”

“ఆవిడ మీద కోపం వదిలేత్తే అది నా మీద పడుద్దయ్యా. మోయలేననుకున్నాను.”

సుబ్బారాయుడు భార్య పక్కనే చతికిలబడ్డాడు.

నెల తిరక్కుండా ఆయన పశువుల ఆసుపత్రిలో అడిగి చిరునామా రాయించుకొచ్చాడు. మంగతాయారు ఒక్కతీ బస్సెక్కి తుని వెళ్ళింది. మర్నాటి సాయంత్రం తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కోకుండానే పెరట్లోకొచ్చి నా ఊచలకి ఆనుకుంది. అప్పుడు మొగుడితో చెప్పింది నేను విన్నాను.

“చూడగానే కాళ్ళకి నీళ్ళిచ్చింది. అన్నం పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక చెప్పేశాను. ఆ వేళ నువ్వు పిలిచావు, నేనే రేపన్నాను, ఆ మాట నాకు తెలిసే నిన్ను ఇన్ని అన్నాను అని.”

“ఏవందీ?”

“‘నాకూ గుర్తే వదినా’ అంది. ‘మీరు కత్తెర పట్టుకున్న పూట నోటి చివరిదాకా వచ్చింది. కూతుర్ని పోగొట్టుకున్న మనిషికి ఆ మాట కూడా మోయమనాలా అని మింగేశాను’ అంది.”

సుబ్బారాయుడు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“రెండేళ్ళయ్యా. వీధిలో ఎవరికీ చెప్పలేదు. మొగుడికి కూడా చెప్పలేదంట. ఆయన నిన్ననే విన్నాడు, నా ఎదురుగా. ఆవిడ నన్ను తిట్టుంటే ఇంత బాధ ఉండేది కాదు.”

“పోనీలే. ఇప్పుడు మాటలు కలిశాయి గదా. ఈ గోడ పడగొట్టించెయ్యమంటావా?”

మంగతాయారు ఇటుకల వంక చూసింది.

“ఇంకెవరికోసం?” అంది.

ఆ తరవాత తుని నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడోది దేవదానం రాసింది. ఆ ఉత్తరం అందిన రోజున మంగతాయారు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కృపామణి గుండెనొప్పితో పోయిందని సుబ్బారాయుడు వీధి గుమ్మంలో ఎవరితోనో చెబుతుంటే విన్నాను.

నేనింకా ఇక్కడే ఉన్నాను. కొండబాబు పూసిన ఆకుపచ్చ పెచ్చులుగా రాలిపోయింది, కింది ఎర్రరంగూ పోయింది. ఇప్పుడున్న ఎరుపు తుప్పుది. మంగతాయారు మళ్ళీ జాకెట్లు కుడుతోంది. ఎవరైనా “రేపొచ్చి మాట్లాడతామండి” అంటే మిషను ఆపేసి, “ఇప్పుడే చెప్పి వెళ్ళండమ్మా” అంటూ కుర్చీ జరుపుతుంది. జాకెట్టు కొలత తప్ప వాళ్ళ దగ్గర చెప్పడానికి వేరే ఏమీ ఉండదు. అయినా ఆవిడ చివరిదాకా వింటుంది.