బొటనవేలి సాక్ష్యం

ఆదివారం పొద్దున మా ఆయన జీవానందం చేపలు కడిగాడు. తినడమే తప్ప కడగడం ఎరగని మనిషి పెరట్లో పీట వేసుకుని బొమ్మిడాయిలకు ఉప్పు రుద్దుతుంటే నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. ఈ మనిషికి ఇప్పుడేం కావాలి?

నా కుడిచేతి బొటనవేలి మొదట్లో ఎముకల మధ్య ఉండే మెత్తటి పొర అరిగిపోయింది. చింతపండు పిసికినా, తడి దుప్పటి పిండినా ప్రాణం పోతుంది. "మేం పిండలేదా దుప్పట్లు? మాకు లేవా బొటనవేళ్లు?" అని మా అత్త అబిగయీలమ్మ ఎత్తిపొడుపు. మాత్రలు, పట్టీ, సూదిమందు అన్నీ అయ్యాక నెల్లూరు డాక్టరు, అక్కడున్న చిన్న ఎముక తీసేస్తే నొప్పి తగ్గుతుందన్నాడు. గురువారం ఆపరేషన్. నేను నోరు తెరిచేలోగా మా ఆయన అడిగాడు, "మళ్లీ వంట ఎప్పటికి చేస్తాది సార్?" కొన్ని వారాలు కట్టు ఉంటుందనీ, బరువు పనులకు నెలలు పడుతుందనీ విన్నాక మా ఊరు కొడవలూరు చేరేదాకా వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. అలాంటి మనిషి ఇప్పుడు చేపలు కడుగుతున్నాడు.

ఆదివారం ప్రార్థనకు గుడికి బయల్దేరుతుంటే నా చేతి పట్టీ తనే విప్పాడు. "దేవుని సన్నిధికి ఇదెందుకు కరుణా? ఒక్క పూటే గదా." అంత మెత్తగా పిలిచి ఎన్నాళ్లయిందో! ఛీ, ఆ ఒక్క పిలుపుకే లొంగిపోయాను.

పాటలయ్యాక సాక్ష్యాల వేళ. మేలు పొందినవాళ్లు లేచి చెబితే సంఘమంతా స్తోత్రం అనాలి. జీవానందం లేచాడు.

"మా ఇంటామె చెయ్యి దేవుడు ముట్టినాడు. ఆపరేషన్ అన్నారు, ప్రార్థన చేసినాం. ఈ పొద్దు పట్టీ గూడా లేదు, చూడండి!"

అందరూ స్తోత్రం అన్నారు. మా అత్త కళ్లు తుడుచుకుంది. పక్కనున్న పాస్టరమ్మ నా భుజం తట్టి, "అయితే సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకు చేపల పులుసు నీదే" అంది.

ఓహో, ఇదా సంగతి! ఇక నేను ఆసుపత్రికి పోతే మొగుణ్ణే కాదు, దేవుణ్ణే అబద్ధికుణ్ణి చేసినదాన్నవుతాను. ఎంత తెలివి! నాకు ఒళ్లు మండిపోయింది. నేనూ ప్రార్థన చేశాను కదా, మంచి డాక్టరు దొరకాలని. దాని సంగతి నన్నెవరు అడిగారు?

మగవాళ్ల వైపు నుంచి ఆయన నన్ను లేవమని సైగ చేశాడు. లేచాను.

"అందరికీ వందనాలు. దేవుడు నా ప్రార్థన విన్నాడు, మంచి డాక్టర్ని చూపించినాడు. నొప్పి తగ్గలా. గురువారం ఆపరేషన్." ఉబ్బిన బొటనవేలి మొదలు అందరికీ కనబడేలా చెయ్యి ఎత్తాను. "నాకోసం ప్రార్థన చెయ్యండి. ఇంకొక మేలు గూడా చెప్పాల. మా ఆయన ఈ పొద్దు చేపలు కడిగేది నేర్చుకున్నాడు. ప్రేమవిందుకు ఆయనే కడుగుతాడు."

ఆడవాళ్ల వైపు నుంచి గట్టిగా వినబడింది, స్తోత్రం.